రెండో సగం ఎవరికి?

దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో ఎదురుగా నేను రోజూ కూర్చునే చాయ్ దుకాణంలో, మొన్న పొద్దున పేపర్ మడత విప్పుతుంటే పక్కనున్న మనిషి నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"అయ్యో, గీ డాక్టరమ్మ పోయిందా? పాపం. ఆమెకు గూడ అదే ఉండెనంట గద."

"అదే అంటే ఏది?" అన్నాను.

"గదే జబ్బు."

"ఏ జబ్బు?"

"ఏంది పెద్దమనిషీ, పొద్దుపొద్దుగాల్ల నా నోటెంబడి అనిపిస్తరా?" అని, చాయ్ సగం గ్లాసులోనే వదిలేసి లేచిపోయాడు.

ఆమె గుండె ఆగి చనిపోయింది. పని నుంచి ఇంటికి వచ్చి, గడప దగ్గర చెప్పులు విప్పుతూ కూలబడింది, మళ్ళీ లేవలేదు. బతికినన్నాళ్ళూ ఆమె పనిచేసింది హెచ్ఐవీ మందుల మీద. ఆ మూడక్షరాలు పలకడానికి జంకే నోటికి, చచ్చిపోయిన మనిషికి ఆ రోగం అంటగట్టడానికి మాత్రం జంకు లేదు. నాకు ఒళ్ళు మండింది. డెబ్బై దాటిన ఒంట్లో మండేది ఇంకా కొంత మిగిలే ఉందని అప్పుడు తెలిసింది.

"ఏ జబ్బు?" అనే ఆ ప్రశ్న నాది కాదు, ఆమెది. దవాఖానలో ఆమె గదికి వచ్చిన ప్రతివారినీ అలాగే నిలదీసేది. రోగి "గా బీమారి మేడం" అన్నా, నర్సు "ఆ కేసు" అన్నా ఒప్పుకునేది కాదు. "పేరు చెప్పండి. పేరు లేని జబ్బుకి నా దగ్గర మందు లేదు" అనేది. చెప్పేదాకా తలెత్తేది కాదు. అదే మనిషి, వరండాలో ఎవరైనా రోగిని పేరు పెట్టి గట్టిగా పిలిస్తే మాత్రం చెప్పుల్లేకుండా బయటికి పరుగెత్తుకొచ్చేది. "మనిషి పేరు అరవకండి, ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?" అని కసిరేది. మన లోకం జబ్బు పేరు దాచి మనిషి పేరు చాటుతుంది. ఆమె జబ్బు పేరు చాటి మనిషి పేరు దాచేది. అందుకే నేనిక్కడ ఎవరి పేరూ రాయను, ఆమె పేరు కూడా. రాస్తే లేచొచ్చి నా చేతిలో పెన్ను లాక్కున్నా లాక్కుంటుంది.

గుంటూరు వైపు మనిషి. మూసారాంబాగ్‌లో కిరాయి ఇల్లు. పొట్టిగా, సన్నగా, ఎప్పుడూ కదిలిపోతున్న బస్సు వెంట పడుతున్నట్టు నడిచేది. గడియారం ముఖాన్ని మణికట్టు లోపలివైపుకు తిప్పి పెట్టుకునేది. రోగి గోడు వింటూ టైము చూస్తున్నట్టు కనపడకూడదని అలా పెట్టుకుందేమో, ఎంత మర్యాద అనుకున్నాను. కాదట. నాడి పట్టుకున్నప్పుడు వీలుగా ఉంటుందట. ఆమెలో నేను వెతికిన మెత్తదనం ప్రతిసారీ ఇలాగే ఏదో ఒక పనిముట్టుగా తేలేది.

ఓదార్పు మాట ఒక్కటి ఆమె నోట వినలేదు. ఎదురుగా మనిషి ఏడుస్తుంటే చెయ్యి చాచి, "డబ్బా చూపించండి" అనేది. ఆ మాత్రలు తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో ఇస్తారు. బస్సులోనో పనిచేసే చోటనో అది గలగలమంటే పక్కవాళ్ళు ఏంటని అడుగుతారని జనం అందులో దూది కుక్కుకుంటారు. ఆమె డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, చప్పుడు రాకపోతే మూత తీసి, ఆ దూది వేలితో లాగి చెత్తబుట్టలో పడేసేది. "గలగలమననివ్వండి. మందేగా, దొంగసొత్తు కాదుగా?"

ఇంకోటి, కోడి కూత. రోజూ రాత్రి ఎనిమిదింటికి మాత్ర వేసుకోవాలని అందరి ఫోన్లలో తనే అలారం పెట్టేది. అందరికీ ఒకటే మోత, కోడి కూత.

"రాత్రిపూట కోడి కూస్తె మా అత్త అపశకునమని మొత్తుకుంటది మేడం" అని ఒకామె గోల పెట్టింది.

"మొత్తుకోనివ్వండి. పొద్దున కూస్తే ఏ కోడో అనుకుని ఊరుకుంటారు. ఎనిమిదింటికి కూసే కోడిని నేనొక్కదాన్నే."

ఆమె నాకెలా తెలుసో చెప్పాలి. మాది పోచంపల్లి పక్కన ఒక నేత ఊరు. మగ్గం వదిలేసి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో చేరాను. ఆడవాళ్ళ ముందు చీరలు విప్పి పరచడంలోనే నా నడుం అరిగింది. బడి ఐదో తరగతితో సరి. మిగిలిన చదువంతా ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలతోనే. మా తమ్ముడు పోయాక వాడి కూతురికి పెద్దదిక్కు నేనే. ఆ పిల్లకు ఎల్‌బీ నగర్‌లో అత్తిల్లు. కొత్తపేటలో చీరలకు ఫాల్, పికో కుట్టే చిన్న కొట్టు నడుపుకుంటుంది. దారాలు కత్తిరించే చిన్న కత్తెర తాడుకు కట్టి ఎప్పుడూ మెడలో వేలాడుతుంటుంది. అల్లుడిది ట్రాలీ ఆటో. పండ్ల మార్కెట్ కొత్తపేటలో ఉన్నన్నాళ్ళూ మామిడి, బత్తాయి మోశాడు. మార్కెట్ తరలిపోయాక ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బండి పెట్టుకుని కిరాయి కోసం చూస్తుంటాడు.

పిల్లకు జ్వరాలు వదల్లేదు. రక్తపరీక్షలో హెచ్ఐవీ అని తేలింది. ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. "పెద్దబాపూ, నాకేమన్న అయితే ఎట్లనో అట్ల గానీ, ఎవలకు చెప్పకు" అంది.

నాకు పాత రోజులన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. ఈ మందులు రాకముందు మా గల్లీలో ఒక లారీ క్లీనర్ ఇదే జబ్బుతో పోయాడు. పాడె కట్టేవాడు లేడు. మున్సిపాలిటీ బండి వచ్చేదాకా శవం ఎండలో ఉంది. ఇంటి ఓనరు ఆ గదికి సున్నం కొట్టించడమే కాదు, తలుపు కూడా పీకించి కొత్తది పెట్టించాడు. తలుపేం చేసిందయ్యా అని అప్పుడే అడిగాను. ఇప్పటికీ ఆ వీధిలో పోతూ ఆ తలుపు చూస్తే అదే అడగాలనిపిస్తుంది.

పిల్లను దవాఖానకు తీసుకెళ్ళాను. ఊరికే వెళ్ళలేదు. ఫుట్‌పాత్ మీద దొరికిన వైద్య పుస్తకం ఒకటి రెండు రోజులు కూర్చుని చదివి, చంకలో పెట్టుకుని మరీ వెళ్ళాను.

"దీనికి మందు లేదని ఇందులో రాసి ఉంది గదమ్మా" అని పేజీ తీసి ముందు పెట్టాను.

ఆమె పేజీ చూడలేదు. పుస్తకం వెనక్కి తిప్పి, మొదటి కాగితం మీద అచ్చయిన ఏడాది చూసింది. "బాబాయ్ గారూ, ఈ పుస్తకం వేసేటప్పటికి ఈ మందు పుట్టలేదండీ. బజ్జీలు పొట్లం కట్టుకోండి." నాకు చిన్నతనమైంది. ఆమె ఆగలేదు. "మీ అమ్మాయి రోజూ మాత్ర వేసుకుంటే ముసలిదయ్యేదాకా బతుకుతుంది. మీరు మాత్రం బీపీ మాత్ర మానేసినట్టున్నారు. మొహం చూడండి ఎలా కందిపోయిందో."

బీపీ మాత్ర నిజంగానే మానేశాను. ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. ఆమె గమనించనే లేదు.

ఆమె పరిశోధన ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేది. ఈ మందు ఇంతమందిలో పనిచేస్తూ, కొందరిలో కొన్నాళ్ళకు ఎందుకు ఆగిపోతోంది? మా పిల్ల ఆ కొందరిలో ఒకతె అయింది. మొదట్లో జ్వరాలు తగ్గాయి, ముఖం తేరుకుంది, కొట్టు మళ్ళీ తెరిచింది. తర్వాత ఒకసారి పరీక్షలో రక్తంలో వైరస్ తిరిగి పెరిగిందన్నారు. ఆ పై పరీక్షలో ఇంకా పెరిగింది.

ఆ రోజు పరిశోధన మొత్తానికి పెద్దగా ఉన్న డాక్టరు గదిలోకి వచ్చాడు. మేం అక్కడ లేనట్టే మాట్లాడాడు. "ఈవిడ మాత్రలు వేసుకోవట్లేదు. అబద్ధం చెబుతోంది. స్టడీలోంచి తీసేయండి, మన రిజల్ట్ అంతా పాడవుతుంది."

"దేవుని తోడు సార్, ఒక్క దినం గూడ తప్పలే" అంది పిల్ల.

"డబ్బా సరిగ్గానే ఖాళీ అవుతోంది సార్" అంది ఆమె.

"పారేస్తుందేమో."

"పారేసేవాళ్ళు ఇంతదూరం రారు సార్. ఈవిడ మన ఫలితాన్ని పాడు చెయ్యట్లేదు. ఈవిడే మన ఫలితం."

"నువ్వు ప్రతిదానికీ ఇంతే" అని ఆయన వెళ్ళిపోయాడు. ఆమె వెళ్ళి తలుపు మూసి గడియ పెట్టింది. డబ్బా, మంచినీళ్ళ గ్లాసు పిల్ల ముందుకు జరిపింది.

"ఇంట్లో ఎలా వేసుకుంటారో చూపించండి."

"గిప్పుడా మేడం?"

"ఇప్పుడే. మింగొద్దు. నోటిదాకా తెస్తే చాలు."

"అమ్మా, పిల్ల అబద్ధమాడే మనిషి కాదు..." అని నేను మొదలుపెట్టాను.

"మీరు మాట్లాడకండి బాబాయ్ గారూ."

పిల్ల డబ్బా మూత తీసింది. లోపల దూది బదులు చీర అంచుల దారపు ముక్కలు కుక్కి ఉన్నాయి. అవి పక్కన పెట్టి, ఒక మాత్ర ఎడమ చేతిలోకి తీసుకుంది. కుడి చెయ్యి గ్లాసు వైపు పోలేదు. మెడ దగ్గరికి పోయింది. వేళ్ళు కత్తెర రింగుల్లో వాటంతట అవే దూరాయి. టక్ మంది. అప్పుడు గానీ పిల్ల తన చేతుల వైపు చూసుకోలేదు.

అరచేతిలో రెండు ముక్కలు.

పైన ఫ్యాన్ తిరుగుతోంది. ఆమె ఆ ముక్కల మీది నుంచి చూపు తిప్పలేదు.

"రెండో సగం ఎవరికి?"

పిల్ల గుప్పిట మూసింది.

"ఎవరికమ్మా?"

"ఆయనకు." తర్వాత ఒక్కసారిగా కట్ట తెగినట్టు చెప్పుకొచ్చింది. "పరీక్షకు రమ్మంటె రాడు మేడం. ఎన్ని తీర్ల చెప్పిన. మార్కెటోళ్ళు చూస్తరంటడు. ఆయనకు గూడ జ్వరాలు ఒస్తున్నయ్. ఇంట్ల ఉన్నది ఇద్దరం. ఆయన ఎదురుంగ కూసొని చూస్తుంటే నేనొక్కదాన్నే ఎట్ల మింగుత?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. రోగి ముందు ఆమె కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. తిట్టలేదు. "సగం మాత్ర అంటే సగం మందు కాదమ్మా" అంది. "దానికి పురుగు చావదు. ఈ మందు ఎలా ఉంటుందో, దీన్ని ఎలా తప్పించుకోవాలో నేర్చుకుంటుంది. మీరిద్దరూ కలిసి రోజూ దానికి ట్యూషన్ చెబుతున్నారు."

పాత మందు ఇక పిల్లకు పనిచేయదట. ఇంకో రకం, గట్టిది, ఆ రోజే మొదలుపెట్టాలట. దాన్ని కూడా ముక్కలు చేస్తే ఆపైన తన దగ్గర పెద్దగా ఏమీ మిగలదని ఉన్నదున్నట్టు చెప్పింది.

"చెయ్య మేడం. ఒట్టు."

"చేస్తారు. ఇవాళ ఎనిమిదింటికి ఆయన మొహం చూడగానే చేస్తారు. ఆయన మందు ఆయనకుంటేనే మీ కత్తెర ఊరుకుంటుంది." డబ్బా మూత పెడుతూ అడిగింది. "నేను ఆయనతో మాట్లాడొచ్చా? మీరు ఒప్పుకుంటేనే."

"పెద్దబాపును ఎంబడి తీస్కపోండ్రి" అంది పిల్ల. "కొడ్తడని గాదు. ఏడుస్తడు."

ఆమె పిల్ల గుప్పిట విప్పి, అందులోంచి ఒక సగాన్ని కాగితంలో చుట్టి బ్యాగులో వేసుకుంది. గది మూలన ఫ్రిజ్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. "నా ఫ్రిజ్ ఎల్‌బీ నగర్‌లో రిపేరుకిచ్చాను. ఎలాగూ తెచ్చుకోవాలి. పదండి బాబాయ్ గారూ" అంది. ఇంత గండంలో ఫ్రిజ్ గోల ఏంటని నాకు చిరాకేసింది.

మేం వెళ్ళేసరికి అల్లుడు మెట్రో పిల్లరు నీడలో, ట్రాలీ బయటికి కాళ్ళు చాపి పడుకుని ఉన్నాడు.

"అరే మామ! నువ్వేంది గిక్కడ? గీ మేడం ఎవలు?"

"డాక్టర్నండీ. దవాఖానకి ఫ్రిజ్ చేర్చాలి."

దవాఖాన పేరు వినగానే ముఖం మాడింది. కానీ పిల్లనిచ్చిన ఇంటి పెద్దను పక్కన పెట్టుకుని వచ్చిన కిరాయి కాదనలేకపోయాడు. రిపేరు షాపు దగ్గర ఫ్రిజ్ ఎక్కించి తాడు బిగించాడు. అతని సీటుకు ఒక పక్క నేను, ఒక పక్క ఆమె ఇరుక్కుని కూర్చున్నాం. పాత పండ్ల మార్కెట్ గేటు దాటేదాకా ఆమె నోరు విప్పలేదు.

"మీ ఆవిడ మాత్ర కత్తెరతో కోస్తోందండీ" అంది అప్పుడు, రోడ్డు వైపే చూస్తూ.

అల్లుడు బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక ఫ్రిజ్ దడాలుమని తాడుకు గుద్దుకుంది.

"దిగుండ్రి ఇద్దరు."

"ఫ్రిజ్ దింపండి, దిగుతాం."

వెనక్కి తిరిగి చూశాడు. "గంత ఫ్రిజ్ ఒక్కన్ని ఎట్ల దించుత?"

"అయితే నడపండి."

వెనక సిటీ బస్సు హారన్ ఆపకుండా కొడుతోంది. తిట్టుకుంటూ గేరు వేశాడు. "నాకేం లేదు మేడం. నేను మంచిగనే ఉన్న."

"ఏం లేదు? పేరు చెప్పండి."

"గదే."

"ఏది?"

"మామ, గీమెకు జర చెప్పరాదూ!" అని నా మీద అరిచాడు. నేనేం చెబుతాను? కడ్డీ పట్టుకుని రోడ్డు వైపు చూశాను.

దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర బండి ఆగింది. ఆమె బ్యాగులోంచి కాగితం తీసి, సగం మాత్రను హ్యాండిల్ ముందున్న రేకు మీద పెట్టింది. "ఇది ఇవాళ్టి మీ వాటా. తీసుకోండి."

ఇంజను అదురుకు ఆ ముక్క రేకు మీద వణుకుతూ, కొంచెం కొంచెంగా అంచు వైపు జరుగుతోంది. ముగ్గురం దాన్నే చూస్తున్నాం. అంచు దాకా వచ్చేసరికి అల్లుడి చెయ్యి దానంతట అదే కిందికి వెళ్ళి పట్టుకుంది. రోజూ అందుకునే చెయ్యి మరి.

"మీరు మింగేది మందు కాదండీ" అంది ఆమె. "ఆవిణ్ణి."

అతను అరచేయి మూయలేదు, తెరవలేదు. పచ్చలైటు పడింది. వెనక బండ్లన్నీ ఒక్కసారిగా మోత మొదలుపెట్టాయి. ఆ మోతలోనే గొంతు చించుకుని అన్నాడు: "గా దవాఖానల అందరు చూస్తరు మేడం! మార్కెట్ల పనిచేసినోళ్ళు సగంమంది గాడనే తిర్గుతరు. పొద్దుగాల్ల నన్ను గా గది ముంగట చూస్తె పొద్దుమీకి అడ్డా మొత్తం తెలుస్తది. నా బండి మల్ల ఎవడు పిలుస్తడు? ఏం జెప్పాలె నేను?"

"ఏం చూస్తారండీ? ట్రాలీ డ్రైవరు ఫ్రిజ్ మోసుకొచ్చాడని చూస్తారు."

అల్లుడు తల తిప్పి మొదటిసారి ఆమె ముఖం చూశాడు. ఆ ఫ్రిజ్ గోల ఏమిటో నాకు కూడా అప్పుడే వెలిగింది.

దవాఖాన వరండాలో ఫ్రిజ్‌ను ఒక పక్క అతను, ఒక పక్క వార్డు మనిషి పట్టుకుని నడుస్తుంటే నిజంగానే ఎవరో పలకరించారు. "ఏమన్నా, కిరాయా?"

"ఆఁ, కిరాయే" అన్నాడు అల్లుడు, ఆగకుండా.

గదిలో ఫ్రిజ్ దించాక వార్డు మనిషి వెళ్ళిపోయాడు. ఆమె గడియ వేసి ప్లగ్ పెట్టింది. ఫ్రిజ్ గుర్రుమంటూ లేచింది. లోపల గోడ పక్కన పిల్ల ఇంకా అలాగే కూర్చుని ఉంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

"పేరు చెప్పండి" అంది ఆమె.

అతను ఫ్రిజ్ మీద చెయ్యి ఆనించాడు. "హెచ్ఐవీ" అన్నాడు, ఫ్రిజ్ మోతలో కలిసిపోయేంత మెల్లగా. ఆ వెంటనే, పిల్ల చెప్పినట్టే, భోరుమన్నాడు. ఆమె ఓదార్చలేదు. సూది సిద్ధం చేసుకుని, "చెయ్యి చూపించండి" అంది.

అతనికీ ఉందని తేలింది. ఆ రాత్రి ఎనిమిదింటికి పిల్ల ఒక పూర్తి మాత్ర మింగింది. ఇంకొన్నాళ్ళకు అతని డబ్బా అతని చేతికొచ్చింది. ఆ తర్వాత మందు తీసుకోవడానికి వచ్చినప్పుడల్లా అల్లుడు భుజం మీద ఒక అట్టపెట్టె పెట్టుకుని, "సామాను, సామాను, జర పక్కకు జరగుండ్రి" అని అరుచుకుంటూ వరండా దాటేవాడు. అది ఖాళీ పెట్టె. ఆమె గదిలో అల్మారా పైన ఆ పెట్టెలు అటక దాకా పేరుకున్నాయి. ఊడ్చే ఆవిడ పారేస్తానంటే, "ఉండనివ్వండి, వాటి పని అవి చేస్తున్నాయి" అనేది. వైరస్ ఇద్దరి రక్తంలోనూ పరీక్షకు దొరకనంతగా తగ్గినప్పుడు నేను స్వీట్ డబ్బా పట్టుకెళ్ళాను. ఒక ముక్క నోట్లో వేసుకుని, "మాత్ర మానొద్దని చెప్పండి" అంది. అంతే. కానీ అప్పటి నుంచి ఆ గదికి వచ్చే ప్రతివారినీ ఇంకో ప్రశ్న అడగడం మొదలుపెట్టింది: ఇంట్లో ఇంకెవరు మింగుతున్నారు? జవాబు చెప్పలేక తలదించుకున్నవాళ్ళను నేను కళ్ళారా చూశాను. మా పిల్ల ఒక్కతే కాదు.

నిన్న ఎల్‌బీ నగర్ ఫంక్షన్ హాల్లో సాయంత్రం సంతాప సభ పెట్టారు. వేదిక మీద ఆమె ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ. పేరు మూరెడంత అక్షరాల్లో. కింద "వైద్య సేవామూర్తి". దేనికి వైద్యమో ఎక్కడా లేదు. పెద్ద డాక్టరు మాట్లాడాడు. "అభాగ్యుల పాలిట దేవత" అన్నాడు, "ఒక భయంకరమైన వ్యాధి" అన్నాడు. తర్వాతి ఇద్దరూ అదే. ఏ జబ్బు, ఏ జబ్బు అని నాలోపల ఆమె గొంతే గదుముతోంది. లేచి అరుద్దామనుకున్నాను. పక్కన పిల్ల, అల్లుడు ఉన్నారు. అల్లుడు సభకు కుర్చీల కిరాయి మీద వచ్చాడు, కుర్చీలు దించి అలాగే ఉండిపోయాడు. నేను నోరు తెరిస్తే నలుగురూ వీళ్ళ వైపు చూస్తారేమోనని పళ్ళు బిగించుకున్నాను.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. ఆయన వచ్చేదాకా రెండు నిమిషాల మౌనం కూడా ఆగింది. చివరికి అందరం లేచి నిలబడ్డాం. "ఫోన్లు సైలెంట్‌లో పెట్టండ్రి" అన్నాడు మైకు దగ్గర మనిషి. హాలంతా తలలు దించుకుంది.

అప్పుడు కోడి కూసింది.

రెండో వరుసలో ఒకావిడ సంచిలోంచి. ఆమె గబుక్కున సంచి నొక్కిపట్టింది. అంతలో గుమ్మం దగ్గర ఇంకోటి. ఇస్త్రీ చొక్కా టక్ చేసుకున్న ఒకతని జేబులో ఇంకోటి. మా వెనక ఇంకోటి. చేతులు జేబుల్లోకి, బ్యాగుల్లోకి పరుగెత్తాయి. ఎవరూ తలెత్తలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయింది. ముఖ్య అతిథి కళ్ళు తెరిచాడు.

"ఏందది? ఎవలయి గా ఫోన్లు?" మైకులో గద్దింపు. "సచ్చిపోయిన మనిషికి జర ఇజ్జతు ఇయ్యండ్రి!"

అల్లుడి జేబులో కోడి కూస్తూనే ఉంది. అతను దాన్ని ఆపలేదు. పిల్ల వైపు చూశాడు. పిల్ల అతని కళ్ళలోకి చూసి, తల ఊపింది.

జేబులోంచి తెల్ల డబ్బా తీశాడు. ఆ నిశ్శబ్దంలో అది గలగలమంది.

"హెచ్ఐవీ గోలీ సార్" అన్నాడు గట్టిగా. "ఎనిమిదయ్యింది. గీమె పెట్టిన టైమే. మింగి నిలబడ్తం."

పిల్ల తన బ్యాగులోంచి తన డబ్బా తీసి, ఒక మాత్ర అరచేతిలో వేసుకుంది. కత్తెర మెడలో ఊరికే వేలాడుతోంది. నా మంచినీళ్ళ సీసా మూత తిప్పి ఆమె చేతికిచ్చాను.

ఆమె మింగుతుండగా, వెనక వరుసల్లో ఎక్కడో ఇంకో డబ్బా గలగలమంది. అందులో దూది లేదు.